పంజుక్కన్ని కథలో లోపం

అప్పసామి చీటీ అంటించందే ఆ వీధిలో బొమ్మల పుస్తకం ఎవరూ ముట్టుకునేవాళ్ళు కారు. కోయంబత్తూరులో సింగానల్లూరు వైపు, మిల్లు గోడకు ఆనుకుని ఉండే తెలుగు వీధి అది. ఇళ్ళలో మాట తెలుగే, చదువూ రాతా మాత్రం అరవం. తెలుగు అక్షరాన్ని చూపించి ఇదేమిటంటే జాంగ్రీ అని చెప్పేవాళ్ళే తప్ప చదివేవాళ్ళు వీధి మొత్తానికి ఒక్కరు లేరు. ఇరవై రెండేళ్ళు మిల్లులో దూది పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాక, మిల్లువాళ్ళు ఇక చాల్లే పొమ్మంటే, అప్పసామి ఇంటి ముందు గదిలో అద్దె పుస్తకాల కొట్టు పెట్టాడు. పురికొస తాళ్ళకు పుస్తకాలు బట్టలారేసినట్టు వేలాడదీసేవాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. కొత్త పుస్తకం వస్తే ముందు తనే చదవాలి. చదివి, అట్ట లోపలి వైపు ఒక చీటీ అంటించాలి. నీలం సిరాతో బలం, ఎర్ర సిరాతో లోపం. దాంట్లో మొహమాటం లేదు, మాఫీ లేదు. ఒక్కోసారి పుస్తకం అమ్మినవాడే వచ్చి బతిమాలేవాడు, కొంచెం ఎరుపు తగ్గించమని. తగ్గించేవాడు కాడు. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆ గర్వానికి మాత్రం కొదవ లేదు మనిషికి.

ఎనభైల మొదట్లో అద్భుత వీరుల పుస్తకాలు వరదలా వచ్చిపడుతున్న రోజులు. ఆ ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, మదురై నుంచి బస్సులో కట్ట వచ్చింది. కొత్తవి మూడు. అప్పసామి సోడాబుడ్డి కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు.

మొదటిది మేఘసూరన్ అనేవాడిది. ఆకాశంలో ఎగురుతాడు, రైలును ఒంటి చేత్తో ఆపుతాడు. నీలంతో, 'రైలు బొమ్మ బాగుంది' అని రాశాడు. ఎరుపుతో, 'ఇంత పని చేసినా వీడికి చెమట పట్టదు, ఆకలి వేయదు. దేనికీ భయపడని వాడికి ధైర్యం ఎందుకు?' అని రాశాడు. రెండోది ఎరిమలైయాన్, నోట్లోంచి నిప్పులు కక్కేవాడు. వాడికి నీలం చుక్క కూడా దక్కలేదు. ప్రతి పేజీలోనూ ఒకే శత్రువు ఒకే విధంగా కాలిపోతే చదివేవాడి పని కూడా అంతే అవుతుందని అప్పసామికి ఒళ్ళు మండింది.

మూడోది పల్చటి పుస్తకం. పేరు పంజుక్కన్ని, అంటే దూది కన్య. వేసినవాళ్ళ పేరు లేదు. ఒక రాక్షసుడి దూది కోటలో పనిచేసే పిల్ల. చప్పట్లు కొడితే దూది పింజగా మారిపోయి ఏ సందులోంచైనా దూరిపోతుంది, మళ్ళీ మనిషైతే వెయ్యి కదుళ్ళ దారమంత బలం. కోటలో పళ్ళున్న యంత్రం ఒకటి ఉంది. దానికి మూత వేసి పని చేయించాలి. పని వేగంగా జరగాలని పనివాళ్ళ మీద పెత్తనం చేసే, కిరీటం పెట్టుకున్న తలారి ఒకడు ఆ మూత తీయిస్తాడు. యంత్రం ఒక పనివాణ్ణి లోపలికి లాక్కుంటుంది. తలారి చుట్టూ చూసి, మూత మళ్ళీ బిగించి, పనివాడే తీశాడని చెబుతాడు. దూది పింజ రూపంలో పైకప్పు దగ్గర తేలుతున్న పంజుక్కన్ని అంతా చూస్తుంది.

అప్పసామికి చదువుతుంటే రెండు నెలల కింద ఇదే మిల్లులో దూది ఏకే కార్డింగు యంత్రం కింద పోయిన పనివాడు మారి గుర్తొచ్చాడు. అయినా మిల్లులున్న ఊళ్ళో ఏ యంత్రం ఎవరిని మింగలేదు గనక? మదురైలోనూ మిల్లులున్నాయి, అక్కడా మనవాళ్ళున్నారు. ఎవరో మదురై తెలుగువాళ్ళు తమ గోడు రాసుకున్నారని అనుకున్నాడు. ఎందుకంటే తలారి మూత బిగిస్తూ అనే మాట అరవం కాదు. అరవ లిపిలో రాసిన తెలుగు. 'మూసెయ్యి, మూసెయ్యి, ఎవురూ చూళ్ళే.' మదురై అచ్చాఫీసువాళ్ళకు అదేమిటో అంతుపట్టక, రాక్షస మంత్రం అనుకున్నారో ఏమో, పెద్దక్షరాల్లో చుట్టూ మెరుపులు వేసి మరీ అచ్చు కొట్టారు. అప్పసామికి నవ్వొచ్చింది.

పదకొండో పేజీలో మాత్రం ఆయనకు కోపం వచ్చింది. చూసింది చెప్పడానికి పంజుక్కన్ని రాజు దగ్గరికి బయలుదేరుతుంది. ఇంట్లో ఒక దగ్గు ముసలాయన తలుపు మూసి, గడియ కొక్కెంలో దారం చుట్టే చెక్క కండె దూర్చి, ఆ తలుపుకు వీపానించి నిలబడతాడు. అంతే. చప్పట్లు కొడితే సందులోంచి పోగలిగిన పిల్ల, చేతులు ఎత్తకుండా ఆ ముసలాయన్ని చూస్తూ ఉండిపోతుంది. పుస్తకం అక్కడితో ఆగిపోయింది.

అప్పసామి చీటీ రాశాడు. నీలంతో: 'బలం: ఆ తలారి. ఇలాంటివాళ్ళను నేను ఎరుగుదును. మంత్రంలా వేసిన మాట మంత్రం కాదు, మన ఇంటి మాటే. రాసినవాళ్ళు కళ్ళారా చూసి రాశారు.' ఎరుపుతో: 'లోపం: పదకొండో పేజీ ముసలాయన. అంత బలమున్న పిల్లను ఒక దగ్గు ముసలాయన ఆపాడంటే నమ్మలేము. అలాంటి తండ్రి ఉండడు.'

ఆయన కూతురు ముత్తులక్ష్మి మిల్లులో దారం చుట్టే రీలింగు సెక్షను నుంచి వచ్చి గుమ్మంలో జడలోని దూది దులుపుకుంటోంది. తల్లి లేని పిల్ల, పంతొమ్మిదేళ్ళది. మాట తక్కువ.

"ఆ మూడోది ఎట్ల ఉండాది నాయనా?" అంది.

"చానా బాగుండాది. ముసలోడు ఒకడు చెడగొట్టినాడు."

ముత్తులక్ష్మి పుస్తకం తీసుకుని చీటీ చదివింది. నీలం దగ్గర ఆగింది. ఎరుపు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. లోపలికి పోయి పొయ్యి రాజేసింది. అప్పుడే తంగవేల్ మేస్త్రీ కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల, గెంతుకుంటూ వచ్చి పంజుక్కన్నిని పట్టుకుపోయింది. తంగవేల్ అంటే మిల్లులో కార్డింగు మేస్త్రీ.

చీకటి పడేవేళకు అప్పసామి కొట్టు కట్టేశాడు. తలుపు మూశాడు. ఆ తలుపు గడియ పుల్ల విరిగి చాలా ఏళ్ళయింది. దాని బదులు మిల్లు నుంచి తెచ్చిన చెక్క కండె ఒకటి కొక్కెంలో దూర్చడం అలవాటు. కండె దూర్చబోయిన చెయ్యి కొక్కెం దగ్గర ఆగిపోయింది.

కండె వంక చూశాడు. పదకొండో పేజీలో కండె చివర చిన్న పగులు కూడా వేశారు. ఇదిగో, ఆ పగులు.

మారి పోయిన రోజు మధ్యాహ్నం ముత్తులక్ష్మి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. నీళ్ళ కుండ కార్డింగు వాకిలి పక్కనే ఉంటుంది. నీళ్ళు తాగడానికి వెళ్ళి అంతా చూసింది. మూత తీయించింది ఎవరు, మళ్ళీ బిగించింది ఎవరు, అన్నీ. ఆఫీసుకు పోయి చెబుతానంది. అప్పుడు తలుపు మూసి, కండె దూర్చి, తలుపుకు వీపానించి నిలబడింది ఎవరు? 'నువ్వేమీ చూళ్ళేదు, నువ్వేమీ చూళ్ళేదు' అని దగ్గుతూ ఏడ్చింది ఎవరు? మర్నాడు మిల్లు కాగితాల్లో మారి తనే మూత తీసి తన చావు తనే తెచ్చుకున్నాడని రాశారు. మారి భార్య వీరాయి ఆ మాట ఒప్పుకోలేదు. నా మొగుడి మీద అబద్ధం రాశారని ప్రభుత్వానికి అర్జీ పెట్టింది. ఆ గురువారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు రాబోతున్నాడు.

"ముత్తూ," అన్నాడు. మళ్ళీ పిలిచాడు. "ఆ పుస్తకం..."

"నేనే వేస్తిని. తపాలాలో మదురైకి పంపిస్తిని." పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెప్పింది. "చెప్పకూడదు అంటివి కదా. చెప్పలే. బొమ్మలే కదా అని వేస్తిని. ఆ మేస్త్రీ మాట మాత్రం అరవంలో ఎట్ల రాయాలో తెలీలే నాయనా. చెవిలో అట్లనే ఉండిపోయినాది."

అప్పసామికి అసలు భయం అప్పుడు పట్టుకుంది. పిల్ల కిరీటం పెట్టి దాచింది, రాక్షసుడి కోటని దాచింది. ఒక్క తెలుగు మాట దగ్గర మరిచిపోయింది. ఆ మాట గురించి చీటీ అంటించి, ఇది మన ఇంటి మాటే, కళ్ళారా చూసి రాశారు అని ఊరంతటికీ చూపించింది తను. ఆ రోజు నీళ్ళ కుండ దగ్గర ఎవరెవరున్నారో తంగవేల్‌కు గుర్తు రావడానికి ఎంతసేపు పడుతుంది? పిల్ల పగలంతా పనిచేసేది ఆ మనిషి నీడలోనే.

కండె నేల మీద పారేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మేస్త్రీ ఇంటికి పరుగు తీశాడు. పరుగంటే ఆయన పరుగే, పది అడుగులకొక దగ్గు. పుస్తకంలో పేజీ చిరిగింది, అంటించి ఇస్తాను అని అడగాలని దారిపొడుగునా అనుకున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల పిల్ల గొంతు వినపడింది. ఆ వీధిలో పెద్దలు చాలామందికి చదువు రాదు. పిల్లలు అరవంలో చదువుతూ, వెంటవెంటనే ఇంటి తెలుగులోకి మార్చి చెబుతారు, పెద్దలు అన్నం తింటూ వింటారు. మేస్త్రీ సంతకం పెట్టడం వరకే నేర్చాడు.

"...అప్పుడు ఆ తలారి మూత బిగిస్తా ఏమన్నాడో తెలుసునా నాయనా? ఇది మార్చే పనే లేదు, మన మాటే రాసుండారు. మూసెయ్యి, మూసెయ్యి, ఎవురూ చూళ్ళే!" అని పిల్ల గొంతు లావు చేసి నటించి చెప్పి, పకపకా నవ్వింది.

లోపల ఇంకెవరూ నవ్వలేదు. పళ్ళెం జరిగిన చప్పుడైంది. అప్పసామి గోడ పట్టుకుని, వచ్చిన దారినే ఇంటికి చేరాడు.

మర్నాడు బుధవారం. తెల్లారగానే కూతురితో అన్నాడు, ఉడుమలైపేటలో అత్త ఇంటికి పొమ్మని, మొదటి బస్సుకే పొమ్మని.

"పోతే నేనే అని తెలిసిపోతాది కదా నాయనా," అంది ముత్తులక్ష్మి. "పనికి పోతా. పోకపోతేనే పయం." జడ బిగించుకుని వెళ్ళిపోయింది. ఆపుదామని నోరు తెరిచాడు. మళ్ళీ ఆపడమా అనిపించి మూసుకున్నాడు.

ఆ రోజు గడవడం ఆయనకు ఒక జన్మ గడిచినంతైంది. మిల్లు లోపల్నుంచి ఏ కేక వినపడినా ముత్తూదే అనిపించేది. మేఘసూరన్ అడిగినవాడికి ఎరిమలైయాన్ ఇచ్చి పంపాడు. కార్డింగు యంత్రం పళ్ళు కళ్ళముందు తిరుగుతూనే ఉన్నాయి. దేవుళ్ళకు మొక్కుకోబోతే కారమడై రంగనాథుడి పేరు కూడా సమయానికి నోటికి రాలేదు.

మూడు గంటల మిల్లు కూత, వాళ్ళ మాటలో సంగు, మోగింది. షిఫ్టు దిగిన జనం గోలగా వీధిలోకి వచ్చారు. వాళ్ళలో ముత్తులక్ష్మి లేదు. తంగవేల్ మేస్త్రీ ఉన్నాడు. పంజుక్కన్నిని చంకలో పెట్టుకుని నేరుగా కొట్లోకి వచ్చాడు.

"రాండి మేస్త్రీ, ఉక్కారుంగ," అన్నాడు అప్పసామి.

మేస్త్రీ కూర్చోలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, చీటీ దగ్గర తెరిచాడు. పెద్ద మనిషి, భుజాలు తలుపంత. కళ్ళు మాత్రం నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"మా పాప దీన్ని చదివి చెప్పింది మామా. నీ చీటీ కూడా చదివింది. ఆ ముసలోడు అబద్ధం, అట్లాంటివాడు ఉండడు అని రాసినావంట."

"ఆ."

"నువ్వు రాస్తే ఊరంతా నమ్మతాది. అట్లనే ఆ తలారి గురించి కూడా రాయి. ఎర్ర సిరాలో రాయి. అట్లాంటి పాపి ఎక్కడా ఉండడు, ఇది కట్టుకథ, ఇది లోపం అని రాయి. నీలంలో రాసింది కొట్టెయ్యి. ఇన్‌స్పెక్టరు రేపు వస్తా ఉండాడు. ఆ లోపల వీధంతా అది చదవాల."

అప్పసామి చూపు మేస్త్రీ భుజం మీదుగా వీధిలోకి పోయింది.

"మా పాప అడిగింది మామా, నాయనా ఇంత పాపి ఉంటాడా అని. నేనేం చెప్పేది దానికి? నువ్వు రాస్తే నమ్మతాది. నువ్వు రాయి." ఆ మాట అంటున్నప్పుడు మేస్త్రీ గొంతు ఎక్కడో జారింది. వెంటనే సర్దుకున్నాడు. బల్ల మీదికి వంగి, మెల్లగా అన్నాడు. "ముత్తులక్ష్మిని ఈ పూట ఇంకో షిఫ్టు నిలిపిస్తిని. కార్డింగు ఊడ్చే మనిషి రాలే. యంత్రాల నడాన ఊడ్చాల, పావం. అలవాటు లేని పిల్ల. నువ్వు రాసిస్తే నేనే పోయి పంపించేస్తా."

అప్పసామి బల్ల మీది చీటీ వంక చూశాడు. రాస్తే పోయేదేముంది? రెండు వాక్యాలు. పిల్ల పది నిమిషాల్లో ఇంటికొస్తుంది. తను మళ్ళీ తలుపు మూసి కండె దూర్చుకోవచ్చు. ఎర్ర కలం తీశాడు. సిరా చుక్క చీటీ మీద పడింది. ఆ చుక్క పక్కనే తన రాత ఉంది. 'అలాంటి తండ్రి ఉండడు.' ఎన్ని పుస్తకాలకు ఎన్ని లోపాలు ఏరాడు జీవితంలో! ఒక్కటంటే ఒక్క అబద్ధం రాయలేదని విర్రవీగాడు. రాసిన ఒక్క అబద్ధమూ ఇదే.

ఎర్ర సిరాతో ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. తర్వాత నీలం కలం తీసుకుని, ఆగి ఆగి, నాలుగు వరుసలు రాశాడు.

"ఏమి రాసినావు? చదువు," అన్నాడు మేస్త్రీ.

అప్పసామి చదివాడు. అరవంలో రాసినదాన్ని ఆ వీధి పిల్లల్లాగే ఇంటి మాటలోకి మార్చి చదివాడు. "నేను ముందు రాసింది తప్పు. ఆ తలారి నిజం. ఆ ముసలాయనా నిజమే. కతలో లోపం లేదు. లోపం ఇంట్లో ఉండాది." 

మేస్త్రీ తలెత్తాడు.

"ఏ ముసలాయన?"

"నేనే మేస్త్రీ."

మేస్త్రీ చెయ్యి పుస్తకం మీద పడింది. చింపేస్తాడనుకున్నాడు అప్పసామి. తన్నే కొడతాడనుకున్నాడు. రెండింటికీ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి మేస్త్రీ పుస్తకం వంకే చూస్తున్నాడు.

"చింపేస్తే?" అన్నాడు, ఎవర్ని అడుగుతున్నాడో తెలియకుండా.

"మీ పాప అడుగుతాది."

మేస్త్రీ పుస్తకం అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. మిల్లు వైపే నడిచాడు. పిల్లను పంపించడానికా, ఇంకెందుకైనానా? అప్పసామి కొట్టు అలాగే వదిలేసి వెనకాలే పరుగెత్తాడు. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపబోతే, ఇరవై రెండేళ్ళు ఈ గేట్లోనే వచ్చాను, అడ్డం లే అని అరిచాడు. అరిచేసరికి దగ్గు తెర కమ్మి, కమ్మీ పట్టుకుని కూలబడ్డాడు.

కార్డింగు షెడ్డు హోరుమంటోంది. ఆయన కళ్ళు ఆ వాకిలినే పట్టుకున్నాయి. మేస్త్రీ లోపలికి పోయి ఎంతసేపైందో ఆయనకు తెలియదు. తర్వాత వాకిట్లో చీపురు చేత్తో ముత్తులక్ష్మి కనపడింది. తల మీద, రెప్పల మీద, భుజాల మీద తెల్లగా దూది. నడుచుకుంటూ వచ్చింది. రెండు చేతులూ ఉన్నాయా అని అప్పసామి ముందు చేతులే చూశాడు.

"మేస్త్రీ పొమ్మన్నాడు నాయనా," అంది. "ఏమీ అనలే. నా మొగం చూడలే."

ఇంటికొచ్చాక ఆమె చీటీ చదువుకుంది. చదివి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "నాకు చానా పయంగా ఉండాది," అంది.

"నాకూ అంతే." ఆమె జడలోంచి దూది ఏరుతూ అన్నాడు. ఇద్దరూ ఆ సాయంత్రం అన్నం వండుకోలేదు.

గురువారం పొద్దున ఇన్‌స్పెక్టరు మిల్లు ఆఫీసులో కూర్చున్నాడు. ఎదురుగా బెంచీ మీద వీరాయి. గోడవారగా మేనేజరు, ఆయన పక్కన తల దించుకుని తంగవేల్. సాక్షులు ఎవరైనా ఉన్నారా అని ఇన్‌స్పెక్టరు అడిగితే మేనేజరు లేరన్నాడు. అప్పుడు వాకిట్లో దగ్గు వినపడింది.

అప్పసామి కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చాడు. నడుము గుడ్డలో చెక్క కండె దోపుకున్నాడు, ఇంటి తలుపు ఎవరూ మూయకుండా. ఇన్‌స్పెక్టరు కలం మూత తీసి, నువ్వెవరు పెద్దాయనా అన్నాడు.

అప్పసామి కండె తీసి బల్ల మీద పెట్టాడు.

"నా బిడ్డ అంతా చూసింది సామీ. నేను తలుపు మూస్తిని. రెండూ రాసుకోండి."